ఖాళీ కాని డైరెక్టరీ

తెర మీద అక్షరాలు ఆగిపోయాయి. పాత డైరెక్టరీ ఖాళీగా లేదట. కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పే తాహేరా ఆ వరుసను మళ్లీ చదివింది. తెల్లారితే ముప్పై మందికి పరీక్ష.

మిషన్‌లోకి ఎక్కిస్తున్న కొత్త లినక్సులో సూచనల ఫైళ్ల చోటు మారింది. ఇన్నాళ్లూ విడిగా ఉన్న ‘డాక్’ డైరెక్టరీ ఇప్పుడు ‘షేర్’ లోపలికి పోవాలి. పాతది ఖాళీ అయితే తప్ప పని ముందుకు సాగదు. అందులోనేమో, తనకు ముందు ఇక్కడ పనిచేసిన మాస్టారు యోహాను తెలుగులో రాసి పెట్టిన నలభై పాఠాలున్నాయి.

“జల్ది తుడిచెయ్ బేటీ, పాత చెత్త!” సెంటర్ యజమాని రజాక్ తలుపు దగ్గర్నుంచే అరిచాడు.

“పిల్లలు చదివేటియి అవే సాబ్.”

“ఏమన్న చెయ్. పొద్దుగూకేసరికి మిషన్ నడవాలె.”

ఆయన వెళ్లాక తాహేరా ఫోనెత్తి, పెట్టేసింది. మళ్లీ ఎత్తి, మళ్లీ పెట్టేసింది. మూడోసారి నంబరు తిప్పింది. నల్గొండలోని ఈ సెంటర్‌లో కొలువు పోయాక యోహాను కొత్తకోటలో ఎస్టీడీ బూత్‌లో కూర్చుంటున్నాడు.

“సార్, నేను... తాహేరాను.”

“చెప్పమ్మా, ఏమైంది?”

చెప్పింది.

“ఏమన్న తుడిచినవా?”

“లేదు సార్. భయమైంది.”

“మంచిగ చేసినవ్. ముందుగాల ఫైళ్లన్నీ కొత్త జాగకు మార్చు. తర్వాత డైరెక్టరీ తీసేసే కమాండ్, ఆర్ఎండైర్ కొట్టు. లోపల ఒక్క ఫైలున్నా అది డైరెక్టరీని తియ్యది. పోయినంక పాత పేరు మీద లింకు పెట్టు. పిల్లలు పాత తొవ్వల వచ్చినా పాఠం దొరుకుతది.”

ఫైళ్లు మార్చి, ఆర్ఎండైర్ కొట్టింది.

“పోతలేదు సార్!”

“పేరు చుక్కతోని మొదలయ్యే ఫైలు దాక్కున్నదేమో చూడు.”

ఉంది. దాన్నీ మార్చింది. ఈసారి డైరెక్టరీ పోయింది. లింకు పెట్టి, పాత దారిలోనే మొదటి పాఠం తెరిచింది. ‘భయపడకుండ్రి, మిషన్ కరవది’ అన్న యోహాను మాట తెర మీదికి వచ్చింది.

“వచ్చింది సార్!” తాహేరా ముక్కు ఎగబీల్చింది.

“ఏడుస్తున్నవా, పిచ్చిపిల్లా?”

“మీ కుర్చీల నేను కూసున్న సార్...”

“దానికి నువ్వేం చేస్తవమ్మా? రెండేండ్లు నా కింద పని నేర్సుకున్నవ్, ఈ కొలువు నీకు రాకుంటె ఇంకెవరికి రావాలె? ఎవరో గిట్టనోళ్లు సాబ్‌కు నా మీద పేరు లేని ఉత్తరం రాసిండ్రు. నువ్వు ఫికర్ చెయ్యకు. రేపు పిల్లల్ని జర చూస్కో.”

లైను తెగిపోయింది.

ఆ ఆకాశరామన్న ఉత్తరం తాహేరా రాసిందే.