సాంచాల నడుమ మడి

“ఈ పచ్చ ముక్క ఏంది భాగ్యశ్రీ? నిన్నటి పటంల లేదు గదా?” అన్నాడు ఆనంద్, కంప్యూటర్ తెర మీద వేలు పెట్టి.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల్లో ఎంత నేల ఇళ్ల కింద పోయింది, ఎంత పచ్చగా మిగిలింది అని ఉపగ్రహ చిత్రాల రంగులను బట్టి లెక్కగట్టే పని వాళ్లది. జగిత్యాలలో చిన్న ఆఫీసు. ఆనంద్ పెద్ద. భాగ్యశ్రీ చేరి ఏడాది కూడా కాలేదు.

“నిన్న ముప్పై మీటర్ల గడి పెట్టినం సార్. గంత పెద్ద గడిల ఏది ఎక్కువుంటే గదే రంగు పడ్తది. సిరిసిల్ల సాంచాల వాడంతా ఇండ్లే అని వచ్చింది. ఇయ్యాల పది మీటర్లకు దించిన. వాడ నడుమ వరి పొలం తేలింది.”

“మరమగ్గాల నడుమ వరా?”

“నాకూ నమ్మబుద్ధి కాలే.”

“పోయి సూసి రా. పచ్చదనం లేని వాడలకే పార్కు ఇద్దామంటున్నరు మున్సిపాలిటోళ్లు. పొలమున్నదని మనం తప్పు రాస్తే, ఆడి పోరగాండ్లకు ఆడుకునే జాగ పోయినట్టే.”

మర్నాడు భాగ్యశ్రీ సిరిసిల్ల బస్సు దిగి, ఫోనులో పటం చూసుకుంటూ సాంచాల వాడకు చేరింది. పటం పొలమని చూపించిన చోట పొలం లేదు. ఒకదానికొకటి ఆనుకుని పొడుగాటి రేకుల షెడ్లు ఉన్నాయి. లోపల సాంచాలు టకటకా ఆడుతున్నాయి. షెడ్ల యజమాని రాజనర్సు బయటికి వచ్చి, ఆమె చెప్పింది ఓపికగా విన్నాడు.

“పొలమా? పైనకెళ్లి కనబడ్డదా?” అన్నాడు. అతని ముఖంలో నవ్వు రాలేదు. “నా ఎంబడి రా బిడ్డా.”

ఎదురింటి మెట్లెక్కించి, పై అంతస్తు వరండాలో నిలబెట్టాడు. షెడ్ల కప్పుల మీద ఈ చివర నుంచి ఆ చివరకు పచ్చటి గుడ్డ పరిచి ఉంది. గాలి తగిలినప్పుడల్లా అలలు లేస్తున్నాయి.

“నా సాంచాల మీద నేసిందే. రంగు సక్కగ రాలేదని వాపస్ అచ్చింది.”

“మళ్ల ఫొటో తీసే లోపల తీసెయ్యిండ్రి కాకా. పటం తప్పు వస్తున్నది.”

“నాదేమున్నది, తీసేస్త. గని ముందుగాల ఫజలుద్దీన్ భాయిని అడుగు,” అని ఆ వరండాలోనే ఉన్న ఒక గది చూపించాడు రాజనర్సు.

గుమ్మం దగ్గర కుట్టుమిషన్ మీద లంగాలు కుడుతున్న ముసలాయన అంతా విన్నట్టున్నాడు. గబగబా లేచి వచ్చి నోటి మీద వేలుంచుకున్నాడు.

“మెల్లగ బిడ్డా. లోపల నా పెండ్లాం రాబియా ఇంటది.”

ముగ్గురూ వరండా చివరకు నడిచారు. ఫజలుద్దీన్ గొంతు తగ్గించి చెప్పాడు.

“రాయికల్ పక్కకు మాకొక వరి మడి ఉండె. ఊరు పెరుగుకుంట వచ్చింది, మడి ప్లాట్లయింది. అమ్మినంక పనికని ఈడికచ్చినం. అచ్చిన కొన్నాళ్లకే ఆమె పడిపోయింది. కాళ్లు రావు, కండ్లు మసక. దిమాక్ గూడ సక్కగ లేదు. ఇంకా రాయికల్లనే ఉన్నమనుకుంటది. కిటికిలకెళ్లి సూసి, మన మడేదని ఒకటే ఏడుపు. గప్పుడు రాజనర్సు ఈ గుడ్డ పరిసిండు. మళ్ల ఏడ్వలే.”

“గుడ్డ పరిసినంక భాయి గూడ మనిషయిండు,” అన్నాడు రాజనర్సు. “అంతకుముందు నోరిప్పి మాట్లాడకపోతుండె.”

లోపలి నుంచి పిలుపు వినిపించింది. “ఏమయ్యా, ఎవరచ్చిండ్రు?”

ఫజలుద్దీన్ లోపలికి వెళ్లాడు. వెనకే భాగ్యశ్రీ. కిటికీ పక్క మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చున్న రాబియా బీ తల తిప్పింది.

“మన మడి సూడనీకి అచ్చింది ఈ బిడ్డ,” అన్నాడాయన.

“మంచిగ సూపియ్యి. పొట్టకచ్చిందా?”

“ఇంకా రాలే. వారమైతే అస్తది.”

“నీళ్లు కట్టినవా?”

“పొద్దుగాల్నే కట్టిన. పై మడాయన నీళ్లు ఇడువనంటే లొల్లి వెట్టుకున్న.”

“నువ్వా? లొల్లి వెట్టుకున్నవా?” ఆమె నవ్వింది.

“మరేమనుకున్నవ్!” ఫజలుద్దీన్ నడుం మీద చేతులు వేసుకుని, గట్టు తెగకుండా ఎట్లా మట్టి వేసిందీ, కొంగలను ఎట్లా తోలిందీ చెప్పుకుపోయాడు. చెప్తున్నకొద్దీ ఆయన వంగిన నడుము నిటారైంది.

భాగ్యశ్రీ వరండాలోకి వచ్చి ఆనంద్‌కు ఫోన్ చేసింది.

“పొలం కాదు సార్, రేకుల కప్పు మీద పరిసిన పచ్చ గుడ్డ. ఇండ్ల రంగే వేస్త. ఆ ముక్క ఒక్కటి చేత్తోని గీస్త. పార్కు జాబితాల ఈ వాడ ఉండాలె.”

“చేత్తోని ఎందుకు? ఆ కప్పు మీదిది తీపియ్యి, అయిపాయె.”

“తీయొద్దు సార్.”

“ఎందుకట్ల?”

“చానా దూరంకెళ్లి సూస్తే ఇండ్లు సార్, మరీ దగ్గర్కి పోతే గుడ్డ. ఈ కిటికీల కూసున్న చాచీకి మాత్రం మడి. ఉండనీయుండ్రి.”

“సరే, చేత్తోనే గీయి,” అన్నాడు ఆనంద్.

గుడ్డ తీయక్కర్లేదని తెలిసి ఫజలుద్దీన్ భాగ్యశ్రీ తల మీద చెయ్యి పెట్టాడు. చాయ్ తెస్తానని రాజనర్సుతో పాటు కిందికి దిగాడు. భాగ్యశ్రీ వెళ్లొస్తానని చెప్పడానికి మంచం దగ్గరికి వెళ్లింది. రాబియా బీ ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

“సూసినవా బిడ్డా, మడి ముచ్చట అనంగనే ఆయన మొఖం ఎట్ల ఎలుగుతదో?”

“సూసిన చాచీ.”

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. రాబియా బీ గుమ్మం వైపు ఒకసారి చూసి, భాగ్యశ్రీ చెవి దగ్గరికి వంగింది.

“అది గుడ్డ అని నాకెరికేనని ఆయనకు చెప్పకు.”