శుభ్రంగా ఉన్న బూట్లు

"అక్కా, కప్పు కొట్టేశాను!" అంటూ వచ్చాడు తమ్ముడు.

చెరువులో ఈత, కొండల్లో సైకిలు, అడవిలో పరుగు, మూడూ కలిస్తే వాడి పోటీ. ఈ ఏడాది మొదటి పోటీలో మూడో స్థానం వచ్చింది. తర్వాతి పోటీలో భుజం విరిగింది. ఆ తర్వాత అందరికన్నా వెనకబడ్డాడు. ప్రతిసారీ వాడి బూట్లు కడిగింది నేనే. బురద, జలగలు, కుళ్లిన ఆకుల కంపు. ముక్కు మూసుకుని తిట్టిపోసేదాన్ని.

ఇవాళా బకెట్, బ్రష్షు తెచ్చుకుని కూర్చున్నాను.

"అడవిలో వాగు దాటాలన్నావుగా, నీళ్లెంతున్నాయిరా?"

"నడుం లోతు. చచ్చీ చెడీ దాటాను."

బూట్లు తిరగేశాను. లోపల తడి లేదు. అడుగున ఇరుక్కున్నవి తారురోడ్డు కంకర ముక్కలు.

"అడవి వదిలేసి రోడ్డెక్కావా?"

"అందరూ అలాగే..." అని నసిగి తల దించుకున్నాడు.

బూట్లు పక్కన పెట్టి, బ్రష్షు బకెట్లో ముంచాను.

"బూట్లు శుభ్రంగానే ఉన్నాయి. ఆ కప్పు పట్రా, కడుగుతాను."