రెండు కడియాలు

మా కుళాయికి నా మీద నమ్మకం లేదు. నా చేతికున్న ఆరోగ్య కడియాన్ని అడిగి గోరువెచ్చని నీళ్లే వదులుతుంది. ఇప్పుడు ఊరంతా ఇంతే.

బతికున్నన్నాళ్లూ మా ఆవిడ సూరమ్మ పొగలు కక్కే నీళ్లు తోడేది. తలుపవతల నిలబడి "కాలుతున్నాయా?" అనేది. ఒళ్లు ఎర్రబడినా లేదనేవాణ్ణి.

కొండల్లో వేడినీటి గుండాలున్నాయి. వాటికి కుళాయిలు లేవు. టికెట్టు అడిగితే కడియం ఒప్పుకోలేదు.

"మీకు కోపం ఎక్కువ. వేడినీళ్లు పడవు" అంది.

విప్పి పారేద్దామంటే అంబులెన్సు వచ్చి వాలుతుంది. అందుకే సూరమ్మ తమ్ముడు గవర్రాజును పిలిచి, వాడి కడియం లేని రెండో చేతికి నాదీ తొడిగాను. వాడికి కోపమంటే ఏమిటో తెలీదు.

"మీ మనసు ప్రశాంతంగా ఉంది. టికెట్టు ఇస్తున్నాం" అంది కడియం. నాతో ఏనాడూ ఇంత మర్యాదగా మాట్లాడలేదు, ద్రోహి.

"గుండం దగ్గరా నేనే తొడుక్కోవాలా బావా? మరి నా స్నానం?"

"నీకు గోరువెచ్చనివి చాలు. గట్టున కూర్చో."

"ఊరికే కూర్చుని ఏం చెయ్యను?"

"మీ అక్కలా, కాలుతున్నాయా అని అడుగుతుండు."

వాడి రెండు కడియాలూ ఒక్కసారే గుండె దడ పెరిగిందని గోల పెట్టాయి.

"టికెట్టు పోతుందిరా, ముందు నవ్వు!" అని కసిరాను.

కళ్లు తుడుచుకుంటూ పగలబడి నవ్వాడు.