ప్రైవేట్ నంబరు

“దొంగ మిషను! నా ఓటు తిప్పేసినాది!”

తవిటయ్య అరుపుకి, నిమ్‌పురా రైల్వే కాలనీ తెలుగు సంఘం హాలులో కునికిపాట్లు పడుతున్నవాళ్లంతా ఉలిక్కిపడ్డారు. సాయంకాలపు మంచు కిటికీల్లోంచి మెల్లగా లోపలికి వస్తోంది. యార్డులో వేగన్లు ఎక్కడో కలలో కొట్టుకుంటున్నట్టు వినిపిస్తున్నాయి.

గోడకి కట్టిన తెల్లదుప్పటి మీద సంఘం ప్రెసిడెంటు ఎన్నిక అంకెలు వెలుగుతున్నాయి. ఓటు నొక్కినప్పుడు కంప్యూటర్ ఒక్కొక్కరికీ ఒక నంబరు చీటీ ఇచ్చింది. ఏ నంబరు ఓటు ఎవరికి పడిందో ఇప్పుడు దుప్పటి మీద చూసుకోవచ్చు. చీటీ కావాలని పట్టుబట్టిందీ తవిటయ్యే. సిగ్నల్ క్యాబిన్ మనిషి మరి. పక్క స్టేషన్ వాడు సరేననడానికి గుర్తుగా ప్రైవేట్ నంబరు చెప్పందే, సాక్షాత్తూ జగన్నాథుడి రథమొచ్చినా లైను ఇచ్చేవాడు కాదు!

“ఇదిగో, నలభై ఏడు! నా ఇంటిదానికి నొక్కినాను. అక్కడ పోటీకి నిలబడ్డ రాబిన్ పేరు సూపిస్తంది. ఏటమ్మా ఇది?”

ప్రోగ్రాం రాసిన ఏంజలిన్ ముఖం పాలిపోయింది. రాసిందంతా అచ్చుతీసి వారం కిందటే గోడకి అంటించింది పాపం. ఒక్కరు చదివితే ఒట్టు.

“నేనేటీ దాసలేదు తాతా. అందరి నంబర్లూ సరిపోయినాయి.”

“నాది సరిపోలేదు గదా! ఒక్క ఓటుతో ఓడిపోనాది మా గంగాభవాని!”

ఎన్నికల పెద్ద లూకా లేచాడు. “ఒకటి తప్పయితే అన్నీ తప్పే. ఇది పక్కన పడేసి, ఎప్పట్లాగే సేతులెత్తుదాం.”

ఏంజలిన్ కళ్లనిండా నీళ్లు తిరిగాయి. మూడు నెలల కష్టం, పైగా దొంగ అన్న పేరు.

ఇంత రభసలోనూ గంగాభవాని కిటికీ పక్కన కూర్చుని, మంచులో కరిగిపోతున్న గార్డు దీపాన్నే చూస్తోంది.

“ఓలే, ప్రెసిడెంటు కుర్సీ పోతంటే నోరిప్పవేటి?”

“పోనీ మావా. సాయంకాలం గుమ్మంలో నీ పక్కన కూకుని, పోయే బళ్లు సూసుకుంటే సాలదా నాకు?”

“బళ్లు తరవాత! నా ఓటు ఏదీ?”

ఆవిడ ఏంజలిన్ వైపు చూసింది. ఆ పిల్ల ఏడుపు చూసి మనసు ఆగలేదు. చేతిసంచీ తెరిచి మడత చీటీ ఒకటి తీసి మొగుడి చేతిలో పెట్టింది. యాభై రెండు. దుప్పటి మీద దాని ఎదురుగా గంగాభవాని పేరే వెలుగుతోంది.

“నీ సీటీ ఇది మావా. రెండు సీటీలూ నా సంచీలోనే ఉన్నాయి గదా, ఇందాక సూడకుండా తీసి ఇచ్చీసినాను. ఆ నలభై ఏడు నాది.”