పట్టీ మీద పేరు

“పిల్లులు బండి లాగడమేమిటి, విడ్డూరం కాకపోతే!” అంది మామ్మగారు. “మా పిల్లి పాలగిన్నె దగ్గరికే ఈసురోమంటూ వస్తుంది.”

లైబ్రేరియన్ నవ్వాపుకుంది. “దేవత కదండీ, ఆవిడ మాట వింటాయేమో. ఫ్రేయా. పిలవడానికి బాగుంది కదా?”

“బాగుంది. కానీ వద్దు.”

వారం రోజులుగా ఇదే తంతు. మధ్యాహ్నం లైబ్రరీ మొత్తం కునికిపాట్లు పడే వేళకి మామ్మగారు వచ్చి, దేశదేశాల దేవతల పుస్తకం ముందేసుకుని కూర్చుంటుంది. కిటికీలోంచి ఎండ పేజీల మీదికి పాకుతుంది. ఇద్దరూ గుసగుసగా ఒక్కో దేవతనీ పిలిచి చూస్తారు. ఆ గంటసేపూ లైబ్రేరియన్‌కి మబ్బుల్లో తేలుతున్నట్టు ఉంటుంది. మొదటిరోజు “ఆడపిల్ల పేర్లు కావాలి” అనగానే ఆమెకి సంగతి అర్థమైపోయింది. ఇలాంటి అమ్మమ్మ ఉన్న, పుట్టబోయే ఆ పసిగుడ్డుది ఎంత అదృష్టమో అనుకుంది.

“ఇవాళ తేలిపోవాలమ్మాయ్. రేపు పొద్దున్నే ఆసుపత్రి. చేతికి పట్టీ కడతారట. ఏ పేరు చెబితే అదే రాస్తారట.”

“అంత కంగారెందుకండీ? ముందు ‘పాప’ అని రాసేస్తారు. పేరు తర్వాతైనా పెట్టుకోవచ్చు.”

మామ్మగారి మొహం చిన్నబోయింది.

“అందరూ అదే అంటారు. ఆడపిల్లేగా, తర్వాత చూద్దాం అంటారు. ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఆసుపత్రంటే మాటలా? ఏమవుతుందో ఎవరికి తెలుసు? ఆ పట్టీ మీద మాత్రం ‘పాప’ అని ఉండటానికి వీల్లేదు.”

లైబ్రేరియన్ నాలిక కరుచుకుని గబగబా పేజీ తిప్పింది.

“హెస్టియా. పొయ్యిని కాపాడే దేవత.”

“పొయ్యి సంగతి ఎత్తకు తల్లీ, నీకు పుణ్యముంటుంది.”

“పోనీ ఐరిస్. ఇంద్రధనుస్సు దేవత.”

మామ్మగారు కళ్ళు మూసుకుంది. ఆ పేరుని లోలోపలే రెండుమూడుసార్లు అనుకుంది. ఎవరో దూరంనుంచి పిలుస్తున్నట్టు తల కాస్త పక్కకి వంచింది.

“వాన వెలిశాక కదూ వచ్చేది?”

“అవునండీ.”

“అయితే ఇదే.” ఆవిడ కళ్ళు చెమర్చాయి. సంచీలోంచి ఆసుపత్రి కాగితం తీసి బల్ల మీద పరిచింది. “నీ దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. నువ్వే రాయి.”

లైబ్రేరియన్ పేరు ఒద్దికగా రాసింది. కింద గడి చూసి ఫక్కున నవ్వింది.

“పుట్టకముందే వయసు అడుగుతున్నారండీ! ఖాళీగా వదిలేయనా?”

“డెబ్బై మూడు,” అంది మామ్మగారు.