చిక్కుడుకాయల దొంగ

నీళ్ళ ట్యాంకు చాటున నక్కి కూర్చుని అరగంటైంది. రాజమణికి మోకాళ్ళు పట్టేశాయి. దొంగ మాత్రం రాలేదు.

అమీర్‌పేటలో, ఎనభై గజాల ఇంటి మిద్దె మీద చిక్కుడు పందిరి ఉండటం చిన్న విషయం కాదు. ఇంటి యజమానురాలిగా రాజమణికి ఆ సంగతి బాగా తెలుసు. పిందెల్ని వేలెత్తి చూపితే రాలిపోతాయని కేబుల్ అతన్ని పైకి రానివ్వలేదు. దిష్టి తగలకుండా భర్త అంబదాస్ పాత చెప్పొకటి పందిరికి వేలాడగట్టింది. పాతదన్నది ఆమె. అంబదాస్ రెండోది చేత్తో పట్టుకుని ఇల్లంతా వెతికాడు.

ఆదివారం సిరిసిల్ల నుంచి ఆడపడుచు సుమలత భోజనానికి వస్తోంది. కిందటిసారి, "మీ సిటీల కొత్తిమీర కట్ట సుత కొనుడేనా వదినా?" అని నవ్విపోయింది. ఆ నవ్వుకు జవాబుగా మిద్దె మీద కాసిన చిక్కుడుకాయ వడ్డించాలి. సరిగ్గా ఇప్పుడే రోజుకో గుత్తి మాయమవుతోంది.

"ఎర్రగడ్డ రైతుబజార్ల అద్దకిలో చిక్కుడుకాయ తెస్త. ఆమెకేం ఎరుక?" అన్నాడు అంబదాస్.

"నాకు ఎరుకే గద! గసొంటి దొంగపని నాతోని కాదు" అంది రాజమణి.

మొదట పక్క హాస్టల్ అమ్మాయిల్ని అనుమానించింది. పప్పునీళ్ళను సాంబారనుకుని తాగేవాళ్ళకు గింజ పట్టిన కాయనే ఏరి కోసే తెలివి ఎక్కడిదని వదిలేసింది.

మెట్ల మీద గాజుల చప్పుడైంది. కింద వాటాలో అద్దెకుంటున్న కమలకుమారి. అటూ ఇటూ చూసి, గబగబా కాయలు కోసి కొంగులో వేసుకుంది.

"దొరికిన్రు!" రాజమణి లేచింది. మోకాలు ఒప్పుకోక మళ్ళీ కూర్చుంది. ట్యాంకు పట్టుకుని లేచింది.

కమలకుమారి బిగుసుకుపోయింది. "అది కాదండీ... వంకాయ చిక్కుడుకాయ తిని ఎన్నాళ్ళయిందోనని మా ఆయన అంటేనూ..."

"అడిగితే ఇయ్యనా? ఆరేండ్ల సంది ఉంటున్నరు. నేను గింత పరాయిదాన్నైననా? వచ్చే నెల అగ్రిమెంట్ సుత మళ్ళ రాసుకునేదుండె!"

కమలకుమారి ఏదో అనబోయింది. అగ్రిమెంటు గుర్తొచ్చి మాట మార్చింది.

"తప్పైపోయిందండి."

రాజమణి మనసు కరిగింది. కొంగులోని కాయలన్నీ తన చాటలో పోయించుకుంది. వంకర తిరిగినవి ఆరు ఏరి తిరిగి ఇచ్చింది.

"తీస్కపోండ్రి. సార్‌కు దొంగతనం సంగతి చెప్పకుండ్రి. రాజమణి ఇచ్చిందని చెప్పుండ్రి."

"అలాగేనండి. థ్యాంక్సండి."

ఆదివారం సుమలత రెండుసార్లు కూర వేయించుకుంది.

"మస్తున్నది వదినా! ఏమేసి పెంచినవ్?"

"ఏమేస్తం? కండ్లల్ల వత్తులేసుకొని కాపాడిన" అంది రాజమణి.

అదే సమయానికి కింద గోడవార కమలకుమారి, ఎప్పటిలాగే బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి, ఆషాఢంలో తాను గింజ పెట్టి, తాళ్ళు కట్టి, మిద్దె దాకా పాకించిన ఆ చిక్కుడు పాదులో పోసింది.