మూడు వేళ్ల గాలి

"చేప ఎక్కడైనా నీళ్లలో మునిగి చస్తుందా మరిదీ? చావదుగా! మీ అన్నా అంతే. తీసుకుపో ఆ గుడ్డ!"

మయెన్ విసిరిన నల్లగుడ్డ గుమ్మంలో కూర్చున్న ఎన్సా ఒళ్లో పడింది. అతను దాన్ని మడత పెట్టుకున్నాడు. ఏడు వారాలుగా రోజూ తెస్తున్నాడు, రోజూ పట్టుకుపోతున్నాడు. ఏటి మీదికి వెళ్లిన అతని అన్న ఎఫియోమ్ తిరిగి రాలేదు. తలకిందులైన పడవ దొరికింది, మనిషి దొరకలేదు. పెళ్లాం నల్లగుడ్డ కడితేగాని కర్మ మొదలవదు.

"ఊరంతా అడుగుతోంది వదినా. అన్న ఆత్మ ఎన్నాళ్లని ఏటి మీద తిరుగుతుంది?"

"ఊరికేం తెలుసు? నడక రాకముందే ఈత నేర్చిన మనిషి ఆయన."

గది మూల అద్దాలతొట్టె అమరుస్తున్న ఆర్చిబాంగ్ తల ఎత్తలేదు. కాలబార్ పట్నంలో రంగుచేపలు అమ్ముకునే మనిషి. వాన పడుతోందన్నా వినకుండా, ఆ రోజు తాడుచేపలు కావాలని ఎఫియోమ్‌ని పురమాయించింది అతనే. పడవకు కట్టిన బుట్టలో ఒక్క చేప బతికి దొరికింది. ఇన్నాళ్లూ మయెన్ దాన్ని బానలో పెట్టి సాకింది. ఆయన వచ్చి అడిగితే చూపించాలట. ఈ చేపనైనా బతికిద్దామని తొట్టె మోసుకొచ్చాడు ఆర్చిబాంగ్. అంతకంటే ఆమెకు ఏం చేయాలో అతనికి తోచలేదు.

అడుగున మెత్తటి ఇసుక పరిచాడు. దాక్కోవడానికి పగిలిన కుండ బోర్లించాడు. ఏటి నాచు నాటి, నీళ్లు పోసి చేపను వదిలాడు. జానెడున్నర చేప పాములా మెలికలు తిరుగుతూ కుండలో దూరింది.

"నిండా పొయ్యన్నా! నీళ్లకు కూడా పిసినారితనమా?"

"పైన మూడు వేళ్ల జాగా ఉండాలమ్మా. మూత మాత్రం బిగించాలి. చిటికెన వేలు పట్టే సందున్నా బయటికి జారిపోయే రకం ఇది. తోడు లేకపోతే బెంగపడుతుంది, ఎల్లుండి ఇంకోదాన్ని తెస్తా."

"మూత బిగించాక జాగా ఎందుకు?"

"గాలికి. ఇది పైకొచ్చి గాలి మింగి పోతుంటుంది. మూతదాకా నింపామంటే ఊపిరాడక మునిగి..."

ఆర్చిబాంగ్ నాలుక కరుచుకున్నాడు. మయెన్ కదలకుండా నిలబడి ఉంది.

"ఎంత ఈత వచ్చినా?" అని మెల్లగా అడిగింది.

అబద్ధమాడదామనుకున్నాడు. నోరు రాలేదు. "ఎంత ఈత వచ్చినా అంతేనమ్మా" అన్నాడు.

ఆమె అతనికి కర్రపెండలం పిండి ముద్ద, ఆకుకూర పులుసు పెట్టింది. అతను తింటున్నంతసేపూ కుండలోంచి తల బయటపెట్టి చూస్తున్న చేపనే చూస్తూ కూర్చుంది.

చెప్పిన రోజుకే ఆర్చిబాంగ్ డబ్బాలో రెండో చేపతో వచ్చాడు. ఎన్సా గుమ్మంలోనే ఉన్నాడు, ఒళ్లో నల్లగుడ్డతో. లోపలికి అడుగుపెట్టగానే ఆర్చిబాంగ్ తొట్టె వైపు చూశాడు. తొట్టె అంచుదాకా నిండి ఉంది. మూత మీద మిరియాలు నూరే రాయి ఉంది. చేప ఇసుక మీద వెల్లకిలా పడి ఉంది.

"చిలక్కి చెప్పినట్టు చెప్పానే తల్లీ! జాగా వదలమని చెప్పానా లేదా? మర్చిపోతే ఎలా?"

"మర్చిపోలేదన్నా. పొద్దున నేనే నింపాను." మయెన్ తొట్టె పక్కన నేల మీద కూర్చుని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. "ఇక్కడే కూర్చుని చూశాను. చాలాసేపు ఈదిందన్నా. ఎంత బాగా ఈదిందనుకున్నావు!"

ఆర్చిబాంగ్ చేతిలోని డబ్బా కింద పెట్టాడు.

ఆమె గుమ్మం వైపు చెయ్యి చాచింది.

"మరిదీ, ఆ గుడ్డ ఇలా ఇవ్వు."